స్టూళ్ల లొల్లి

మా ఉప్పుగూడ ఆడవాళ్లు ఇప్పటికీ ఆ సంగతిని స్టూళ్ల లొల్లి అంటారు. చదువుకున్న పిల్ల కాబట్టి న్యాయం కోసం కొట్లాడిందని, నలుగురికీ మేలు చేసిందని నా గురించి చెప్పుకుంటారు. ఎదురుగా అంటే నవ్వి ఊరుకుంటాను. కానీ రాయడానికి కూర్చున్నాక ఉన్నది ఉన్నట్టు రాయాలి. నేను మేలు చేయడానికి బయల్దేరలేదు. ఒక మనిషిని నలుగురిలో తల దించుకునేలా చేయాలని బయల్దేరాను. మేలు దారిలో జరిగింది.

మలక్‌పేట మెయిన్ రోడ్డు మీద ఒక పెద్ద చీరల షోరూం ఉంది. పేరు రాయను. డిగ్రీ అయ్యాక అందులో పట్టు సెక్షన్‌లో సేల్స్ గర్ల్‌గా చేరాను. మా నాయనకు అప్పట్లో బర్రెలుండేవి. పొద్దున్నే పాలు పితికి, క్యాన్లు తమ్ముడి బండికి కట్టి, గబగబా స్నానం చేసి ఉప్పుగూడ స్టేషన్‌కు పరుగెత్తేదాన్ని. రైలెక్కితే మలక్‌పేట ఎంతో సేపు పట్టదు. ఎక్కడానికి ముందు ఆ రైలు రావాలి. అది వచ్చేలోపు ప్లాట్‌ఫాం మీదే నా చదువు నడిచేది. దూరవిద్యలో హిస్టరీ ఎం.ఏ. కట్టాను.

షోరూంలో మా మీద పెట్టిన రూల్స్‌లో అన్నిటికంటే పెద్దది కూర్చోకూడదన్నది. కౌంటర్‌కు అటు పక్క గిరాకీకి, అంటే కొనడానికి వచ్చేవాళ్లకు, మెత్తటి స్టూళ్లు వేసి ఉండేవి. ఇటు పక్క మాకు పాలరాతి నేల. పొద్దున తలుపు తీసినప్పుడు నిలబడితే మళ్లీ షట్టర్ దించేదాకా నిలబడటమే. అన్నానికి పైన గోదాంలో కాసేపు నేల మీద కూలబడేవాళ్లం. గిరాకీ లేకపోయినా సరే, చీరల బీరువాకు వీపు ఆనించినా సరే, ఎక్కడినుంచో ఫ్లోర్ ఇంచార్జి వచ్చేవాడు. ఆయన చేతిలో గజం కొలిచే ఇనుప పట్టీ ఉండేది. దాంతో కౌంటర్ మీద టక్ మని కొట్టేవాడు. ఆయన కూడా మా లాగే సేల్స్‌మన్‌గా చేరి పైకొచ్చినవాడే.

"నేను పదేండ్లు నిలవడ్డ. నాకేమైంది? సచ్చిపోయిన్నా?" అనేవాడు.

నా పక్క కౌంటర్‌లో ఒక పెద్దామె ఉండేది. ఛత్రినాక ఆమెది. భర్త పోయాడు, కొడుకు ఆటో నడిపేవాడు, ఇంట్లో కోడలు. మేమంతా ఆమెను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేవాళ్లం. చీరను ఒక్క విసురుతో విప్పి, అంచు గిరాకీ మోకాళ్ల దగ్గర పడేలా పరచడం ఆమెను చూసే నేర్చుకున్నాను. కొత్తలో నేను గిరాకీతో బెదిరిపోతుంటే నా వెనక నిలబడి మెల్లగా మాట అందించేది. ఆమె పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి తాళ్లలా మెలికలు తిరిగి ఉండేవి. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు.

"ఇవి కాళ్లు కావు బేటా, కరెంటు పోల్లు," అని నవ్వేది. "వీటిని ఇక్కడ్నే పాతిండ్రు."

ఆషాఢం సేల్ నడుస్తోంది. ఆ నెలలో మా షోరూంలో అడుగు పెట్టడానికి సందుండేది కాదు. ఒక మధ్యాహ్నం ఒక పెద్ద గుంపు వచ్చి, చీరలన్నీ విప్పించి వెళ్లిపోయింది. వాటిని మడతలు పెడుతుంటే ఆపాకు తల తిరిగినట్టుంది, వెనక ఉన్న చీరల మూట మీద కూర్చుంది. కళ్లు మూసుకుంది. ఇంచార్జి వస్తున్నాడని నేను చూసేలోపే వచ్చేశాడు. పిలవలేదు, లేపలేదు. కౌంటర్ ఇవతలికి వచ్చి, బూటు కాలుతో ఆ మూటను ఒక్క గుంజు గుంజాడు.

ఆపా వెనక్కి పడింది. వెనక పాలరాతి మెట్టు ఉంది. తుంటి దానికి తగిలింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, ఎండుకట్టె విరిచినట్టు.

"ఇదేమన్న నీ అత్తగారిల్లా, పండుకోనీకె?" అన్నాడాయన, గిరాకీ వైపు చూసి నవ్వుతూ. ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆపా లేవలేకపోయేసరికి ఆ నవ్వు ఆగింది. అప్పుడు ఆయన చేసిన పని ఆమెను లేపడం కాదు. గిరాకీకి కనబడకుండా కౌంటర్ ముందు ఒక పెద్ద చీర విప్పి పట్టుకొమ్మని నాకు చెప్పాడు. నేను పట్టుకోలేదు. ఇంకో పిల్లతో పట్టించాడు. ఆ తెర చాటునుంచి ఆపాను గోదాం వెనక తలుపులోంచి ఆటోలో వేసి సర్కారు దవాఖానకు పంపారు. తుంటి ఎముక విరిగింది. ఓనర్ సేటుకు మాత్రం ఇంచార్జి, నీళ్ల తడి మీద కాలు జారి పడిందని చెప్పాడు. కెమెరా ఆ మూలకు పెట్టలేదట. ఆపా ఉద్యోగం పోయింది.

నిజం చెప్పాలని నేను సేటు గది ముందు నిలబడ్డాను. "నీ పని నువ్వు చూసుకోమ్మా," అన్నాడు సేటు, తల ఎత్తకుండా. ఆ మర్నాటి నుంచి ఇంచార్జి నా కౌంటర్ దగ్గరికి వచ్చి పట్టీతో ఊరికే కొట్టి పోయేవాడు. నా పాఠ్యపుస్తకం సంచిలో కనబడితే తీసి, "ఓహో, అమెరికా! కలెక్టరైతవా?" అని చెత్తబుట్టలో వేశాడు. తీసి దులుపుకున్నాను. నాలో ఏం నిప్పు పడిందో ఆయనకు తెలియనివ్వదలచుకోలేదు.

మా తమ్ముడికి చెప్తే వాడూ వాడి దోస్తులూ వెంటనే లేచారు.

"అక్కా, ఆడు ఏ తొవ్వల పోతడో చెప్పు చాలు. మేం చూసుకుంటం."

"తంతే నాలుగు దినాల్ల లేస్తడు," అన్నాను. "తర్వాత ఆడే మంచోడైతడు, మనం రౌడీలమైతం. నాకు గట్ల వద్దు."

"మరి ఎట్ల గావాలె?"

"ఆపా ఎట్ల వడ్డదో గట్ల వడాలె. మంది చూస్తుండంగ. ఆడు జేసింది ఆడి నోటితోనే చెప్పాలె."

తమ్ముడు నా ముఖం వైపు చూసి దోస్తులను పంపేశాడు. మా అమ్మ మాత్రం, "ఇంత కోపం ఆడపిల్లకు మంచిది కాదే," అంది. నాకు మంచిదే అయింది. పొద్దున్నే లేపేది, సాయంత్రం అలసట తెలియనిచ్చేది కాదు.

చెత్తబుట్టలోంచి తీసుకున్న ఆ పుస్తకం అమెరికా చరిత్ర. అంతకు ముందు పరీక్ష కోసం చదువుతున్నాను; ఆ తర్వాత ఆయుధం వెతుక్కుంటున్నట్టు చదివాను. పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజుల మీద ఒక పెద్ద పాఠం ఉంది. ఆ దేశం గురించి నాకు అంతకు ముందు తెలిసిందల్లా సినిమాలు, వీసాలు. ఇది వేరే దేశం. రైలు కంపెనీలు గోధుమలు మోసినందుకు ఇష్టమొచ్చినంత గుంజుతుంటే మైదానాల రైతులు బండ్లు కట్టుకుని, పిల్లాజెల్లలతో ఊరవతల సభలకు పోయారు. సొంతంగా ఒక పార్టీనే పెట్టుకున్నారు. రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేసేది లేదని కూలీలు సమ్మె కట్టారు. ఒక ఊళ్లో వాళ్ల సభలో ఎవరో బాంబు వేశారు. వేసిందెవరో తేలకుండానే సభల్లో మాట్లాడినవాళ్లను ఉరి తీశారు. ఇంకో చోట, రైలు పెట్టెలు తయారుచేసే కంపెనీ జీతాలు తగ్గించింది, తను కట్టించిన ఇళ్ల కిరాయి మాత్రం తగ్గించలేదు. దాంతో దేశమంతా రైళ్లు ఆగిపోయాయి. పనిలేనివాళ్లు ఎక్కడెక్కడినుంచో కాలినడకన రాజధానికి పోయి, మాకు రోడ్లు వేసే పనైనా ఇవ్వండని అడగబోతే, వాళ్ల నాయకుణ్ణి పట్టుకున్నారు. నేరం ఏమిటంటే, ప్రభుత్వ భవనం ముందున్న గడ్డి తొక్కాడని. ఈ ముక్క చదివి రైల్లో గట్టిగా నవ్వాను. ఎదురుగా కూరగాయల గంపతో కూర్చున్నామె నన్ను వింతగా చూసింది.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. వీళ్లలో చాలామంది ఓడిపోయారు. సమ్మె చేసినవాళ్ల మీదికి సైన్యం వచ్చింది. రైతుల పార్టీ చీలిపోయింది. అలాంటి ఓటమి నాకు పనికిరాదు.

అప్పుడు దొరికింది ఆ చిన్న పేరా. ఆ రోజుల్లోనే అక్కడి పెద్ద ఊళ్లలో పెద్ద పెద్ద బట్టల దుకాణాలు వచ్చాయి. వాటిలో పనిచేసే ఆడపిల్లలు పొద్దంతా నిలబడాలి, కూర్చుంటే జరిమానా. వాళ్లకు కుర్చీలు ఇవ్వాలని కొన్ని రాష్ట్రాల్లో చట్టాలు వచ్చాయట. దుకాణాల వాళ్లు కుర్చీలు తెచ్చి పెట్టారు. కానీ కూర్చున్న పిల్లను పనిలోంచి తీసేసేవాళ్లు. ఆ పేరాను ఎన్నిసార్లు చదివానో. వంద ఏళ్లకు పైగా అయిపోయింది, ఎక్కడో సముద్రాల అవతల. కానీ ఆ కౌంటర్ మీద ఇనుప పట్టీ చప్పుడు నాకు వినబడింది.

నెలకో ఆదివారం షోరూంకు సెలవు పెట్టి క్లాసుకు పోయేదాన్ని. చెప్పే మేడమ్ సర్కారు కాలేజీలో చేసి రిటైరైన ఆవిడ. క్లాసు అయ్యాక ఆగి అడిగాను.

"మేడమ్, చట్టం వచ్చినా ఓనర్లు వినలేదు గదా. మరి ఆ పిల్లలు ఏం జేసిండ్రు?"

"పిల్లలు ఏం చేయగలరమ్మా? మాట్లాడితే ఉద్యోగం పోతుంది," అన్నారు మేడమ్. "అక్కడ కొనుక్కునే ఆడవాళ్లు కదిలారు. డబ్బున్న ఇళ్ల ఆడవాళ్లు. ఏ దుకాణం పిల్లల్ని మంచిగా చూసుకుంటుందో కనుక్కుని, అలాంటి వాటిలోనే కొనండని అందరికీ చెప్పారు. ఓనర్‌కి పనిచేసే పిల్లంటే భయం లేదు. గిరాకీ అంటేనే భయం."

ఆ ఆఖరి మాటతో నేను లేచి నిలబడ్డాను. మేడమ్ ఇంకా ఏదో చెప్తున్నారు, సంస్కరణ అనీ, మధ్యతరగతి మనస్సాక్షి అనీ. నాకు వినబడలేదు. మా షోరూంకు గిరాకీ ఎవరు? మా ఉప్పుగూడ, ఛత్రినాక, మా చుట్టాలు, ఆపా చుట్టాలు. శ్రావణంలో పెళ్లిళ్లున్న ప్రతి ఇల్లూ.

మా పెద్దమ్మ, అంటే మా నాయన అన్న భార్య, మా గల్లీలో పాల వాళ్లందరికీ పెద్ద దిక్కు. ఏ ఇంట్లో పెళ్లైనా చీరలు కొనడానికి ఆమె ముందు నడవాలి. ఆమె కళ్లకు అంచు నచ్చకపోతే ఆ చీర కొనరు. ఆ శ్రావణంలో ఆమె మనవరాలి పెళ్లి. నేను వెళ్లేసరికి కొట్టంలో బర్రెకు కుడితి పెడుతోంది.

"పెద్దమ్మా, పెండ్లి చీరలకు ఎప్పుడొస్తున్నరు?"

"నువ్వున్న దుకాణానికేనాయె. వచ్చే ఆయితారం అనుకుంటున్నం. మంచియి పక్కకు పెట్టు."

"పెడ్త. కని నువ్వు కొనొద్దు."

కుడితి బకెట్ కింద పెట్టి నన్ను చూసింది. ఆపా సంగతి మొత్తం చెప్పాను. ఆపా ఎవరో ఆమెకు బాగా తెలుసు. పెద్ద కూతురి పెళ్లప్పుడు పెద్దమ్మ ఒక చీర ముచ్చటపడి పట్టుకుంటే, కొంగు లోపల పోగు తెగి ఉందని ఇంచార్జికి వినబడకుండా చెప్పి వద్దన్నది ఆపానే.

"ఆమె చెప్పకుంటె పందిట్ల నా ఇజ్జత్ పోతుండె," అంది పెద్దమ్మ. ఆమె గొంతు మారింది. "ఆ బాడుకావు ఆమెను తన్నిండా?"

"మూట గుంజిండు. తన్నినట్టే."

"అయితే ఏం జెయ్యమంటవ్?"

"అందరు రాండ్రి. చీరలన్ని తీపిచ్చుండ్రి. కని స్టూల్ మీద కూసోవద్దు. అటు పిల్ల కూసుంటెనే మేం కూసుంటం, మేం కూసుంటెనే కొంటం అనుండ్రి. అమెరికాల ఆడోళ్లు గిట్లనే దుకాణపోళ్ల మెడలు వంచిండ్రు."

"అమెరికాల సుత దుకాణంల నిలవెట్టిండ్రా ఆడపిల్లల్ని?"

"నిలవెట్టిండ్రు పెద్దమ్మా."

"థూ," అంది. అంతే, ఒప్పుకున్నట్టు.

నిజానికి అక్కడి ఆడవాళ్లు అలా నిలబడ్డారని పుస్తకంలో లేదు. వాళ్లు మర్యాదగా మంచి దుకాణాల పేర్లు అచ్చేయించారు. నిలబడాలన్నది నాలోంచి పుట్టింది. ఇంచార్జి కళ్ల ముందు, ఆయన రూలే ఆయన గిరాకీ నోటివెంట ఆయన మెడకు చుట్టుకోవాలని. ఛత్రినాకలో ఆపా కోడలికి కూడా చెప్పాను. వాళ్ల గల్లీలోనూ పెళ్లిళ్లు, నిఖాలున్నాయి.

ఆ ఆదివారం షోరూం కిటకిటలాడుతోంది. పెద్దమ్మ ముందు, వెనక మా గల్లీ ఆడవాళ్లు, వాళ్ల వెనక ఛత్రినాక నుంచి బురఖాల్లో ఆపా వాళ్ల చుట్టాలు. ఇంచార్జి పెద్ద పెళ్లి గిరాకీ వచ్చిందని తనే ఎదురొచ్చాడు.

"రాండి అమ్మా, రాండి. కూసోండి. చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు. చీరలు చూపియ్యి," అంది పెద్దమ్మ, నిలబడే.

నేను చూపించడం మొదలుపెట్టాను. విసిరిన చీర విసిరినట్టే పడుతోంది. కంచి, ధర్మవరం, గద్వాల్. కౌంటర్ నిండి, పక్క కౌంటర్ నిండి, చీరలు కొండలా లేచాయి. ఒక్కరూ కూర్చోలేదు. మెత్తటి స్టూళ్లన్నీ ఖాళీ. వేరే గిరాకీ తిరిగి చూడటం మొదలైంది.

"అమ్మా, ఎంతసేపు నిలవడ్తరు? కూసోండి," అన్నాడు ఇంచార్జి.

"ఈ పిల్ల కూసుంటె కూసుంట," అంది పెద్దమ్మ నన్ను చూపించి.

ఆయన నవ్వాడు. "అది దాని డ్యూటీ అమ్మా."

"పొద్దుందాంక నిలవడుడు డ్యూటీనా? మరి నువ్వేంది, మూట మీద కూసున్న ఆపాను కాలుతోని గుంజినవంట. అది సుత డ్యూటీనేనా?"

ఆ గొంతు కొట్టంలో బర్రెల్ని అదిలించే గొంతు. అంతస్తు అంతా వినబడింది. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోవడం నేను దగ్గరినుంచి చూశాను. అంత అందమైన దృశ్యం నా జీవితంలో ఇంకోటి లేదు.

"ఎవరు చెప్పిండ్రు? అబద్ధం. ఆమె జారి పడ్డది," అన్నాడు, నా వైపు కళ్లు ఎర్రజేసి.

"చెప్పు బిడ్డా, జారిందా, గుంజిండా?" అంది పెద్దమ్మ.

"గుంజిండు," అన్నాను. ఆ తర్వాత ఎదురు కౌంటర్‌లోంచి ఇంకో పిల్ల, ఆ రోజు చీర తెరగా పట్టుకున్న పిల్లే, "గుంజిండు," అంది. ఏడుస్తూ అంది.

అందరూ మా వైపు లేరు. "పండగ పూట ఈ లొల్లి ఏంది, మా చీర ఇయ్యరా?" అని ఒకావిడ విసుక్కుంది. కానీ ఆమె పక్కన కూర్చున్న ముసలామె మెల్లగా లేచి నిలబడింది. ఆ తర్వాత ఇంకొకరు. ఈలోగా సేటు పైనుంచి దిగొచ్చాడు.

"అమ్మా, ఏం కావాలె మీకు?"

"పిల్లలందరికి స్టూళ్లు," అంది పెద్దమ్మ. "ఇంకోటి. ఇగో ఈయన ఆపా ఇంటికి పోయి, ఏం జేసిండో చెప్పాలె."

రెండోది నేను చెప్పమన్న మాట. మొదటిదానికి సేటు చూద్దామన్నాడు. రెండోదానికి చేతులు జోడించి, అది మా లోపలి సంగతి అన్నాడు. పెద్దమ్మ కొంగు సర్దుకుంది.

"అయితే ఎదురు దుకాణం ఉన్నది. పాండ్రే."

అందరూ వెళ్లిపోయారు. రోడ్డు దాటి ఎదురు షోరూంలోకి వెళ్లడం అద్దాల్లోంచి సేటు చూశాడు. నేను ఆ కొండంత చీరలను ఒక్కొక్కటీ మడతపెడుతూ ఆయన చూడటం చూశాను.

మర్నాడు నన్ను తీసేస్తారనుకున్నాను. కానీ మర్నాడు ఇంకో పెళ్లివాళ్లు వచ్చారు, వాళ్లూ నిలబడ్డారు. ఆ తర్వాత ఛత్రినాక నుంచి వచ్చారు. నన్ను తీస్తే ఆ గల్లీలన్నీ ఎటు పోతాయో సేటుకు తెలుసు. ఆ వారంలోనే ప్లాస్టిక్ స్టూళ్లు దిగాయి. నేను నమ్మలేదు, నా పుస్తకం నాకు నేర్పింది అదే. అనుకున్నట్టే ఇంచార్జి పొద్దున్నే మమ్మల్ని నిలబెట్టి చెప్పాడు.

"స్టూల్ ఉన్నదని కూసోవద్దు. ఎవరు కూసుంటరో నేను చూస్త."

నాకు సంతోషమే అయింది. స్టూళ్లతో లొల్లి ఆగిపోతే ఆయన తప్పించుకునేవాడు. మధ్యాహ్నమే పెద్దమ్మకు ఫోన్ చేశాను. సాయంత్రానికి మా గల్లీ ఆడవాళ్లు మళ్లీ వచ్చారు, ఈసారి పెళ్లి పని కూడా లేదు. షోరూం నడిమధ్యన నిలబడి, లోపలికొచ్చే ప్రతి గిరాకీకీ ఆ స్టూళ్ల కథ చెప్పారు. సేటు ఇంచార్జిని అందరి ముందే పిలిచి, "నువ్వు ఆ ఇంటికి పోయి మాట్లాడి రా. లేకుంటె రేపటిసంది రాకు," అన్నాడు.

ఆయన రావడానికి ముందే నేను ఆపా ఇంటికి చేరాను. రెండు గదుల ఇల్లు. ఆపా మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. ఆపరేషన్ అయినా కాలు ఇంకా కదిలించలేకపోతోంది. గదిలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు తీసి లోపలి గదిలో పెట్టాను. ఆపా చూస్తూ ఉంది. వద్దంటుందేమో అనుకున్నాను, ఆమె ఎవరినీ నొప్పించే మనిషి కాదు. మాఫ్ చేసి పంపేస్తుందని నాకు గుబులుగా ఉంది.

ఇంచార్జి వచ్చాడు. గడప దాటి నిలబడ్డాడు. కూర్చోవడానికి చూశాడు, ఏమీ లేదు. వాకిట్లో పక్కింటి వాళ్లు పోగయ్యారు.

"ఆపా, ఎట్లున్నది?" అన్నాడు.

"ఏం జేసినవో చెప్పడానికి వచ్చినవంట గదా," అంది ఆపా. "చెప్పు."

"మూట గుంజిన."

"దేంతోని?"

"కాలుతోని."

"జోర్ సే బోలో. బయట వినవడ్తలేదు."

"కాలుతోని గుంజిన," అన్నాడు.

"నేను వడ్డంక ఏమన్నవ్?"

ఆయన వాకిట్లో జనం వైపు చూశాడు. ఆపా ఎదురుచూసింది. తొందర ఏమీ లేదు ఆమెకు. కోడలిని పిలిచి చాయ్ పెట్టమంది, తనకు మాత్రమే. అది వచ్చేదాకా ఆయన్ని నిలబెట్టే ఉంచింది. ఆ తర్వాత మెల్లగా, సాసర్‌లో పోసుకుని తాగింది. ఆయన ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకోవడం మొదలుపెట్టాడు. మేము పొద్దంతా మార్చుకునేది అలాగే.

"అత్తగారిల్లా అన్న," అన్నాడు చివరికి.

"ఎవరు నవ్విండ్రు?"

"నేనే నవ్విన."

"సేటుకు ఏం చెప్పినవ్?"

"జారి పడ్డదని చెప్పిన."

"మళ్ల మొదటిసంది చెప్పు. మా కొడుకు ఇప్పుడే వచ్చిండు, ఆడు వినలే."

ఆయన మళ్లీ చెప్పాడు. అప్పుడు చేతులు జోడించి, "మాఫ్ చెయ్యి ఆపా. పిల్లలున్నోణ్ణి," అన్నాడు.

ఆపా కప్పు పక్కన పెట్టింది.

"నై. మాఫ్ నై కర్తీ మై. ఖయామత్ కే దిన్ మిలేంగే," అంది. క్షమించను, ప్రళయం నాడు దేవుడి ముందర కలుద్దాం, అప్పుడు తేల్చుకుందాం అని. ఆ మాట అరిచి అనలేదు. బేరం కుదరని గిరాకీకి చీర మడతపెట్టి లోపల పెట్టేటప్పుడు మాట్లాడే గొంతుతో అంది.

ఆయన వెళ్లిపోయాడు. నేను కుర్చీలు బయటికి తెచ్చి ఒకదాంట్లో కూర్చున్నాను. నా కడుపు నిండా తిన్నట్టుంది. ఆపా నా చెయ్యి పట్టుకుని, "కుర్సీలు మంచిగ తీసినవ్ బేటా," అంది. ఇద్దరం నవ్వాం. ఆమెకు నవ్వితే తుంటి నొప్పి, అయినా నవ్వింది.

పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక నన్ను తీసేశారు. అది నాకు ముందే తెలుసు. స్టూళ్లు మాత్రం తీయలేదు. ఆ పిల్లలు ఇప్పుడు కూర్చుంటున్నారు, గిరాకీ వస్తే లేస్తారు. రోడ్డు మీద మరికొన్ని దుకాణాలు కూడా అడగకుండానే పెట్టాయి. నేను ఎం.ఏ. పూర్తిచేసి ఇప్పుడు ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. మేడమ్‌కు ఈ కథంతా చెప్పినప్పుడు ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అచ్చం రిఫార్మ్ మూవ్‌మెంట్ అమ్మా ఇది," అన్నారు మురిసిపోతూ.

"కాదు మేడమ్, పగ," అన్నాను. "ఆ అమెరికా ఆడోళ్లల్ల సుత కొంతమందికి పగ ఉండకుంట ఉంటదా? పుస్తకంల రాయలేదు అంతే."

ఆవిడ ఒప్పుకోలేదు. మేము ఇప్పటికీ దాని మీద వాదించుకుంటాం. ఆపా చేతికర్ర పట్టుకుని వాకిలిదాకా నడుస్తుంది, అంతకు మించి నడవలేదు. డాక్టర్ ఇక ఇంతే అన్నాడు. అందుకే నా లెక్క కూడా తీరలేదు.

ఇంచార్జి కొన్నాళ్లకు ఆ షోరూం మానేసి, ఊరికి ఇంకో కొసన వేరే చీరల దుకాణంలో అదే ఉద్యోగంలో చేరాడని తెలిసింది. మొన్న మా అమ్మకు చీర కొందామని అంత దూరం ఆ దుకాణానికే తీసుకుపోయాను. దగ్గర్లో లేవా అని అమ్మ అడుగుతూనే ఉంది. లోపలికి పోయి కౌంటర్ ముందు నిలబడ్డాను. అవతల ఒక సన్నటి పిల్ల నిలబడి ఉంది, ఆమె వెనక స్టూల్ లేదు. ఆయన దూరం నుంచి నన్ను చూశాడు. నేను కూర్చోలేదు, ఆయనవైపే చూస్తూ ఉన్నాను. కాసేపటికి ఆయన లోపలికి పోయి, తనే ఒక స్టూల్ మోసుకొచ్చి ఆ పిల్ల వెనక వేశాడు. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు.

"కూసో," అన్నాడు ఆ పిల్లతో, నన్ను చూడకుండా.

మేము చీర కొనకుండానే బయటికొచ్చాం. బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మ అంది, "ఇగ చాలు బిడ్డా, ఇడిసిపెట్టు ఆణ్ణి."

"ఇంకో నెలకు మళ్ల వద్దాం," అన్నాను. "స్టూల్ ఉన్నదో తీసిండో చూడాలె."

అమ్మ నిట్టూర్చి, అయితే వచ్చేసారైనా నిజంగా చీర కొనిపెట్టమంది.